ఎండలో వచ్చిన వరద

అనగనగా, ఏరు రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట, ఒక లంక ఉండేది. లంక అంటే తెలుసుగా పిల్లలూ, చుట్టూ నీళ్లు, మధ్యలో నేల. ఆ లంక అంచుల వెంట మడచెట్లు. లోపలంతా నిలువెత్తు రెల్లు. నట్టనడుమ ఒక ఇసుక దిబ్బ, దాని మీద కొన్ని తాడిచెట్లు.

ఆ దిబ్బ మీద దాలయ్య అనే నక్క, అతని భార్య సత్తెమ్మ కాపురం ఉండేవారు. లంకలో పీతలకు కొదవ లేదు. అందుకని దాలయ్య కుందేళ్ల జోలికి పోయేవాడు కాదు. ఉదయం బురదలోకి దిగి కడుపునిండా పీతలు తినేవాడు, మిగతా పొద్దంతా దిబ్బ మీద కూర్చునేవాడు.

దిబ్బ మీద నుంచి చూస్తే ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఏరు కనిపిస్తాయి. కింద ఉండేవాళ్లకు రెల్లు తప్ప ఏమీ కనిపించదు. అందుకే లంకలో ఒక కట్టుబాటు ఉండేది. ముప్పు వచ్చేలా ఉంటే దాలయ్య ఊళ వేయాలి. ఊళ వినగానే అందరూ దిబ్బ ఎక్కాలి. దిబ్బ మీద ఉన్నంతసేపు ఎవరూ ఎవరినీ కరవకూడదు, పొడవకూడదు, తరమకూడదు.

ఒక ఏడు కార్తీకంలో సముద్రం మీద ఆకాశం నల్లబడింది. దాలయ్య ఊళ వేశాడు. లంకంతా దిబ్బ ఎక్కింది. ముసలి ఏదుపంది గంటయ్య, తవ్వి కుప్ప పెట్టుకున్న దుంపల్ని వదిలేసి వచ్చాడు. అడవిపంది వీర్రాజు బురదగుంటలో హాయిగా పడుకున్నవాడు లేచి వచ్చాడు. కుందేలు పైడమ్మ రొప్పుకుంటూ, ఆగి ఆగి ఎక్కింది. అందరూ పొద్దస్తమానం సముద్రం వైపు చూస్తూ కూర్చున్నారు.

తుఫాను రాలేదు. దారి మార్చుకుని ఎక్కడో దూరాన తీరం దాటింది. లంక మీద నాలుగు చినుకులు పడ్డాయి, అంతే. కిందికి దిగేసరికి గంటయ్య దుంపల్ని ఎలుకలు ఖాళీ చేశాయి.

అది మొదలు లంకలో కొత్త మాట పుట్టింది. మబ్బు పట్టి కురవకుండా పోతే, "దాలయ్య మబ్బురోయ్!" అనేవారు. వీర్రాజు నీళ్ల రేవు దగ్గర ముట్టె పైకెత్తి నక్కలా ఊళ వేసి చూపించేవాడు. పంది గొంతుతో నక్క ఊళ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అందరూ పడీపడీ నవ్వేవారు. దాలయ్య కూడా నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం పీత ముట్టేవాడు కాదు.

"ఊరుకోండి. నాలుగు రోజులు పోతే వాళ్లే మర్చిపోతారు" అనేది సత్తెమ్మ.

వాళ్లు మర్చిపోలేదు. కొన్నాళ్లకు దాలయ్య అందరూ వెళ్లిపోయాకే రేవుకు వెళ్లడం అలవాటు చేసుకున్నాడు.

మళ్లీ కార్తీకం వచ్చింది. మళ్లీ సముద్రం మీద ఆకాశం నల్లబడింది. గాలి లేకుండానే కెరటాలు లేస్తున్నాయి. నీటికాకులు గుంపులుగా ఊళ్లవైపు ఎగిరిపోతున్నాయి. దాలయ్య నోరు తెరిచాడు, మూశాడు.

"వేయండి ఊళ" అంది సత్తెమ్మ.

"చూద్దాం. ఇంకాసేపు చూద్దాం" అన్నాడు దాలయ్య.

తాడిమట్టలు దబదబ కొట్టుకునేదాకా చూశాడు. గాలి చెవుల్లో ఈలలు వేసేదాకా చూశాడు. అప్పుడు వేశాడు ఊళ. అప్పటికి కింద ఉన్నవాళ్లకూ సంగతి అర్థమైపోయింది. ఎవరూ నవ్వలేదు. పడుతూ లేస్తూ దిబ్బ ఎక్కారు. పైడమ్మ తన ముగ్గురు పిల్లల్ని ముందు తోలుకుంటూ వచ్చింది. గంటయ్యకు కాళ్లు సరిగా ఆడవు. వీర్రాజు వెనక నుంచి ముట్టెతో నెడుతూ, ముళ్లు గుచ్చుకున్నప్పుడల్లా "అబ్బా!" అంటూ, ఆయన్ని పైదాకా చేర్చాడు.

ఆ గాలి అంతా ఇంతా కాదు. ఒక తాడిచెట్టు వేళ్లతో సహా పెల్లగిలి పడింది. వాన అడ్డంగా కొట్టింది. సముద్రం మడచెట్ల మీదుగా రెల్లులోకి వచ్చి వెనక్కి పోయింది. అందరూ ఒకరినొకరు ఆనుకుని, తలలు కడుపుల్లో దాచుకుని ఉండిపోయారు.

తెల్లారేసరికి గాలి లేదు. వాన లేదు. ఎండ కాసింది. లెక్క చూసుకుంటే ఒక్క ప్రాణం కూడా పోలేదు.

"దాలయ్య గారూ," అన్నాడు వీర్రాజు ముందుకొచ్చి, "కిందటేడు మిమ్మల్ని చాలా మాటలన్నాను. మనసులో పెట్టుకోకండి. ఈ లంకకి మీరే పెద్ద."

"మీరు లేకపోతే మేం లేం" అన్నాడు గంటయ్య.

పడిపోయిన తాడిచెట్టు మొదలు మీద దాలయ్యను కూర్చోబెట్టారు. కెరటాలు విసిరేసిన చేపల్ని ఏరి తెచ్చి అతని ముందు పోశారు. పైడమ్మ పిల్లలు ముగ్గురూ వచ్చి అతని తోక పట్టుకుని ఆడుకున్నారు. సంవత్సరం తర్వాత దాలయ్యకు తల పైకెత్తి అందరి కళ్లలోకీ చూడగలనని అనిపించింది. ఒళ్లంతా వెచ్చబడింది. ఆ వెచ్చదనం ఎండది మాత్రమే కాదు.

అంతలో ఏటి పాయ వైపు నుంచి ఎవరో పిలిచారు.

"దాలయ్యా! ఇటు రా!"

ఆమె నూకాలు అనే నీటికుక్క. ఎగువన, ఏటి మలుపు దగ్గర ఒడ్డున గొయ్యి చేసుకుని ఉంటుంది. ఎప్పుడైనా చేపల కోసం లంకదాకా ఈదుకుంటూ వస్తుంది. దాలయ్య దిబ్బ దిగి ఆమె దగ్గరికి వెళ్లాడు. నూకాలు నీళ్లలోంచి బయటికి రాలేదు. రొప్పుతోంది.

"గాలి చచ్చిందని అనుకుంటున్నారు కదూ మీరంతా. గాలి చచ్చింది గానీ మబ్బు చావలేదు. ఇక్కణ్ణుంచి పోయి ఎగువన కొండలమీద కూర్చుంది. అక్కడ కుండలతో గుమ్మరించినట్టు కురుస్తోంది. ఒక్కో వాగూ పొంగి ఏట్లో పడుతోంది. నీరు ఎర్రగా వస్తోంది" అంది.

"ఇక్కడిదాకా వస్తుందా?"

"మధ్యలో పొలాలున్నాయి. నీరు వాటిమీద పరుచుకుపోతే రాకపోవచ్చు. లేకపోతే పొద్దువాలేలోపు వస్తుంది. అవతల సముద్రం పోటు మీద ఉంది. ఏటి నీళ్లని లోపలికి రానివ్వదు. ఇక ఆ నీరంతా ఎక్కడికి పోతుంది? మీ లంక మీదికే."

"వస్తుందంటావా, రాదంటావా? ఒక మాట చెప్పు నూకాలూ."

"నేనేమైనా దేవతనా చెప్పడానికి! రావచ్చు అని చెప్తున్నా. నా పిల్లల్ని ఇంకా పై గట్టుకు మార్చుకోవాలి, నేను పోతున్నా. నువ్వు వాళ్లని దిగనివ్వకు. నీ మాట వింటారు."

నూకాలు మునిగింది. దూరంగా ఎగువన తేలింది. మళ్లీ మునిగింది.

దాలయ్య మెల్లగా దిబ్బ ఎక్కాడు. ఎగువ వైపు చూశాడు. కొండలమీద ఏదో మసకగా ఉంది. తల పైకెత్తి చూశాడు. నీలంగా, కడిగినట్టు ఉంది ఆకాశం. ఈ ఎండలో నిలబడి "వరద వస్తుంది, దిగకండి" అంటే ఎలా ఉంటుంది? వస్తే సరే. రాకపోతే? వీర్రాజు ముట్టె పైకెత్తడం అతని కళ్లముందు మెదిలింది. ఇవాళ పొద్దున్నే కదా ఆ నవ్వు ఆగింది. మళ్లీ మొదలైతే ఇంక ఎప్పటికీ ఆగదు అనుకున్నాడు.

"నూకాలు ఏమంటోంది?" అని అడిగింది సత్తెమ్మ.

"ఏం లేదు. ఎగువన చేపలు బాగా పడుతున్నాయట" అన్నాడు దాలయ్య.

కాసేపటికి పైడమ్మ వచ్చింది.

"బాబాయ్, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఈ ఇసుకలో గడ్డిపరక లేదు. నేను తింటేగానీ పాలు పడవు. కిందికి దిగమంటావా?"

"కాసేపు ఆగరాదూ" అన్నాడు దాలయ్య.

"ఎందుకు, మళ్లీ వాన వస్తుందా?"

"వాన... వాన అయితే రాదు."

అతను అబద్ధం చెప్పలేదు. అక్కడ వాన రాదు. పైడమ్మ ఆ మాట చాలనుకుంది. పిల్లల్ని పిలుచుకుని దిగిపోయింది.

తర్వాత గంటయ్య వచ్చాడు.

"దాలయ్యా, నా బొరియ కూలిపోయి ఉంటుంది. తవ్వి బాగుచేసుకోవాలి. దుంపలు ఏమయ్యాయో. ముసలాణ్ణి, మళ్లీ ఎక్కి దిగే ఓపిక లేదు. నీకేమైనా అనుమానం ఉంటే చెప్పు, ఇక్కడే పడుంటాను."

దాలయ్యకు ఇంతకంటే మంచి అదను దొరకదు. నోటిదాకా వచ్చింది మాట. గంటయ్య వెనకే వీర్రాజు నిలబడి వింటున్నాడు.

"అనుమానాలకేం, ఎప్పుడూ ఉంటాయి. నీ ఇష్టం గంటయ్యా, నువ్వే చూసుకో" అన్నాడు దాలయ్య.

గంటయ్య ఒక్క క్షణం ఆగి, అతని ముఖంలోకి చూసి, దిగిపోయాడు.

చివరికి వీర్రాజు, మిగిలిన అందరినీ వెంటపెట్టుకుని వచ్చాడు.

"మేమూ వెళ్లొస్తామండీ. మేం అలా దిగగానే ఇలా ఊళ వేయరు కదా!" అని గట్టిగా నవ్వాడు. ఎగతాళిగా కాదు, చనువుగా. అందరూ నవ్వారు.

దాలయ్య కూడా నవ్వాడు. "వెళ్లండి, వెళ్లండి" అన్నాడు.

దిబ్బ ఖాళీ అయింది. దాలయ్య తాడిచెట్టు మొదలు మీద కూర్చుని ఏటివైపే చూశాడు. ముందున్న చేపల మీద ఈగలు ముసురుతున్నాయి. ఒక్కటీ తినలేదు. పొలాల మీద పరుచుకుపోతుంది, ఇక్కడిదాకా రాదు అని తనకు తనే చెప్పుకున్నాడు. పొద్దు నడినెత్తిన ఉండగా చెప్పుకున్నాడు. పొద్దు వాలుతుండగా కూడా చెప్పుకున్నాడు.

ముందు పీతలు వచ్చాయి. బురదలో ఉండాల్సినవి, ఇసుక మీద అడ్డంగా పాక్కుంటూ దిబ్బ ఎక్కుతున్నాయి. ఆ తర్వాత ఏటి చప్పుడు మారింది. గలగల పోయి, బరువుగా గురగురమంటోంది. ఎర్రటి నురగ తేలివస్తోంది. దాని వెనక ఒక గడ్డిమేటు, నిలువునా, ఎవరో మోసుకొస్తున్నట్టు వచ్చింది. దాని కొసన ఒక కోడి ముడుచుకుని కూర్చుని ఉంది.

దాలయ్య ఊళ వేశాడు. పుట్టాక అంత గట్టిగా ఎప్పుడూ వేయలేదు.

కింద బురదగుంటలో వీర్రాజు చెవులు రిక్కించాడు. "చూశారా, సరదాకి అడిగితే నిజంగానే వేశాడు!" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. పైన నీలాకాశం, ఎండ. వరద అని ఎవరనుకుంటారు? దాలయ్య మళ్లీ వేశాడు. మళ్లీ వేశాడు. ఆ గొంతులో ఏదో విని వీర్రాజు లేచి నిలబడ్డాడు. అప్పటికే రెల్లు మొదళ్లలో నీళ్లు మెరుస్తున్నాయి.

ఊళ వేస్తూ నిలబడితే లాభం లేదని దాలయ్యకు తెలిసిపోయింది. కిందికి పరిగెత్తాడు. సత్తెమ్మ వెనకనుంచి కేక వేసింది, ఆగలేదు.

రెల్లులో నీళ్లు అతని పొట్టదాకా వచ్చాయి. పైడమ్మ ఒక చిన్న మట్టిగడ్డ మీద నిలబడి ఉంది. పిల్లలు ముగ్గురూ ఆమె కాళ్లకు అతుక్కుపోయారు. చుట్టూ నీళ్లు సుడులు తిరుగుతున్నాయి.

"ఇవ్వు! ఒకణ్ణి ఇవ్వు!" అన్నాడు దాలయ్య.

పైడమ్మ అతని నోటివైపు చూసింది. ఆ పళ్లను చూసింది. కుందేలు పుట్టుక పుట్టాక నక్క నోటిని చూసి పారిపోవడమే తెలుసు. కళ్లు మూసుకుంది. కొడుకుని మెడ పట్టుకుని ఎత్తి, తన చేతులారా నక్క నోట్లో పెట్టింది.

దాలయ్య పంటికింద ఆ చిన్న గుండె టకటక కొట్టుకుంటోంది. పన్ను దిగకుండా, పట్టు జారకుండా, తల పైకెత్తి ఈదాడు. దిబ్బ అంచున సత్తెమ్మకు అందించాడు. తిరిగి వచ్చాడు. పైడమ్మ రెండోదాన్ని అందించింది. దాన్నీ చేర్చాడు.

మూడోసారి వచ్చేసరికి మట్టిగడ్డ లేదు. పైడమ్మ వీర్రాజు వీపు మీద పడి ఉంది. ఎలా చూశాడో, వీర్రాజు అడ్డంగా ఈదుకొచ్చి ఆమెను ఎక్కించుకున్నాడు. ఆమె వెనక్కి తిరిగి నీళ్లనే చూస్తోంది.

"చిన్నదేది?" అని అడిగాడు దాలయ్య.

వీర్రాజు తల అడ్డంగా ఊపాడు.

వీర్రాజు ఆ సాయంత్రం చాలాసార్లు నీళ్లలోకి దిగాడు. దొరికినవాళ్లని దొరికినట్టు వీపున వేసుకుని తెచ్చాడు. గంటయ్య బొరియ ఉన్న చోటికి కూడా ఈదాడు. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేదు. బొరియ లోపల తవ్వుకుంటూ ఉన్న ముసలాయనకు ఊళ వినిపించిందో లేదో ఎవరికీ తెలియదు.

నీరు దిగడానికి చాలా రోజులు పట్టింది. అందరూ దిబ్బ మీదే ఉన్నారు. ఒకరోజు మధ్యాహ్నం అందరూ కూర్చుని ఉండగా వీర్రాజు అన్నాడు.

"ఎండ కాస్తుంటే వరద వస్తుందని ఎవరనుకుంటారు? గాలి పోయింది, వాన పోయింది, ఇంక అయిపోయిందనుకున్నాం. ఎవరికి మాత్రం తెలుసు?"

"ఎవరికి తెలుసు" అన్నారు మిగతావాళ్లు.

"దాలయ్య గారు ప్రాణానికి తెగించి దిగారు. ఆ ఇద్దరు పిల్లలూ ఆయన పెట్టిన భిక్షే."

అందరూ తలలూపారు. దాలయ్య నేలచూపులు చూస్తున్నాడు. నోరు మూసుకుంటే చాలు, ఆ గౌరవం అలాగే ఉంటుంది. నూకాలు చెప్పిన మాట అతనికి తప్ప లంకలో ఎవరికీ తెలియదు. సత్తెమ్మకు కూడా తెలియదు. పైడమ్మ పిల్లలిద్దరూ అతని పక్కనే ఇసుకలో పడుకుని ఉన్నారు. ఇద్దరి మధ్యా ఇంకొకరికి చోటు ఉన్నట్టుగానే ఎడంగా పడుకున్నారు.

"నాకు తెలుసు" అన్నాడు దాలయ్య.

"ఏం తెలుసు?" అన్నాడు వీర్రాజు.

"నూకాలు వచ్చి చెప్పింది. ఎగువన కురుస్తోంది, నీరు రావచ్చు, వాళ్లని దిగనివ్వకు అని చెప్పింది."

సత్తెమ్మ అతనివైపు తిరిగింది. "చేపలన్నారు..." అంది మెల్లగా.

పైడమ్మ లేచి అతని ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఎప్పుడు చెప్పింది?"

"నువ్వు నన్ను అడగకముందు."

"నేను అడిగినప్పుడు నీకు తెలుసన్నమాట."

"తెలుసు."

"మరెందుకు చెప్పలేదు?"

దాలయ్య తల ఎత్తకుండానే అన్నాడు. "రాకపోతే మళ్లీ అందరూ నవ్వుతారని."

పైడమ్మ అతన్ని తిట్టలేదు. తిడుతుందని దాలయ్య ఎదురు చూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"నవ్వేవాళ్లమే" అంది పైడమ్మ. "వరద రాకపోతే తప్పకుండా నవ్వేవాళ్లం. గంటయ్య తాత పళ్లన్నీ కనబడేలా నవ్వేవాడు. నా చిన్నదీ నవ్వేది. అందరం ఉండేవాళ్లం కదా, నవ్వడానికి."

అంతే అంది. పిల్లల్ని లేపుకుని దిబ్బ అవతలి పక్కకు వెళ్లిపోయింది.

నీరు దిగింది. రెల్లు మళ్లీ చిగిర్చింది. దాలయ్యను ఎవరూ వెలివేయలేదు, ఎవరూ పెద్ద అని కూడా పిలవలేదు. అతను దిబ్బ మీదే ఉన్నాడు. సముద్రం వైపు చూసినంతసేపు ఏటివైపూ చూసేవాడు. గాలి తగ్గాక కూడా, కొండలమీద మసక పోయేదాకా ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. ఏ కాస్త అనుమానం వచ్చినా ఊళ వేసేవాడు. చాలాసార్లు ఏమీ వచ్చేది కాదు. వీర్రాజు సణుక్కుంటూ ఎక్కేవాడు, సణుక్కుంటూ దిగేవాడు. పిల్లలు కిసుక్కున నవ్వేవారు. దాలయ్య ఏమీ అనేవాడు కాదు.

ఊళ వినబడిన ప్రతిసారీ పైడమ్మ అందరికంటే ముందు ఎక్కేది. దాలయ్యను పలకరించేది కాదు, అతని ముఖం చూసేది కాదు. ఎక్కడం మాత్రం మానలేదు.

నీతి: ముప్పు రావచ్చని తెలిసినవాడు నవ్వుల పాలవుతానని నోరు మూసుకోకూడదు. అది రాకపోతే పోయేది అతని పరువు ఒక్కటే. వస్తే పోయేవి ఇతరుల ప్రాణాలు.